చేపకళ్ళు

ప్వేబ్లాలో పొద్దున్నే అందరం ముందు కొండకేసి చూస్తాం.
దోన్ గోయో అంటాం దాన్ని, ఇంటి పెద్దాయన్ని పిలిచినట్టు.
రాత్రి ఆయన దగ్గితే
తెల్లారేసరికి దండెం మీది చొక్కాలకు బూడిద,
కుక్క వీపు మీద బూడిద,
పళ్ళ మధ్య కరకర.

మా ఫ్యాక్టరీ పీల్చేదీ ఆ గాలినే.

పెయింట్ షాపు వెనక రేకుల గదిలో మూడు కంప్రెసర్లు
ఎనిమిది గదుల గాలిని ఒక్క గదిలోకి కుక్కుతాయి.
గాలిని పిండితే ఏమొస్తుంది?
ముందు నీళ్ళు.
తర్వాత యంత్రం తాను తాగిన నూనెలో కొంత.
ఆ తర్వాత మేమెవరం ఒప్పుకోని మిగతావన్నీ.

ఆ గది దోన్యా ఓబ్దులియాది.
ఆమె ఫిల్టర్లు చూస్తుంది. ఆమెను ఎవరూ చూడరు.

నేను ఎర్మీలోని, ఇసుక కాగితం మనిషిని.
గొట్టంలోంచి ఆవగింజలో వెయ్యోవంతు నూనె జారి వచ్చినా
తడి రంగు దాన్ని చూసి జడుసుకుని
చుట్టూ గుండ్రంగా తప్పుకుంటుంది.
నడుమ అడుగు కనిపిస్తుంది, రెప్ప లేకుండా.
చేపకన్ను అంటాం.
నీళ్ళు చల్లి, రుద్ది, మెరుగు పెట్టి, ఆ కన్ను మూయించడం నా పని.
కళ్ళు ఎక్కువైతే నాకు ఓవర్‌టైమ్.

ఆగస్టు వానల్లో ఒక వారం
ఎర్ర కార్లన్నీ కళ్ళు తెరుచుకుని వచ్చాయి.
టాపు మీద, తలుపుల మీద, చివరికి పెట్రోలు మూత మీద కూడా.
ఇంజినీర్ సాల్దివార్ రంగు డబ్బాలను అనుమానించాడు,
రోబో మణికట్టును అనుమానించాడు,
కుర్రాళ్ళ జుట్టుకున్న జెల్లు, అమ్మాయిల చేతి క్రీము
లాకర్లు తెరిపించి మరీ వాసన చూశాడు.
నా చెమటను సీసాలో పట్టుకెళ్ళారు.
గాలి మీదికి మాత్రం ఎవరి వేలూ పోలేదు.
దానికి ముఖం లేదు, బ్యాడ్జీ లేదు.

శుక్రవారం ఓబ్దులియా వచ్చింది,
మధ్యాహ్నం రొట్టెలు చుట్టుకునే తెల్లగుడ్డతో.
రంగు ఆపించి, ఉత్త గాలిని దాని మీదికి వదిలించి
వంద లెక్కపెట్టింది,
పొయ్యి మీద పాలకు కాపలా కాస్తున్నంత తాపీగా.
గుడ్డ తిప్పి చూపించింది.
కుట్టుపువ్వు పక్కన
కందిబద్దంత పసుపు మరక.

"మేలో రాసిచ్చాను, ముల్లు ఎర్రలోకి పోయిందని.
జూన్‌లో రాసిచ్చాను.
కొనుగోళ్ళవాళ్ళు 'తర్వాత' అని ముద్ర వేసి పంపారు.
ఆ ముద్ర మాత్రం భలే శుభ్రంగా పడింది."

సాల్దివార్ గుడ్డను ఫోటో తీశాడు.
ఆమెకు తిరిగివ్వడం మరిచిపోయాడు.

పాత ఫిల్టరు ఊడదీస్తుంటే సాయం పట్టాను.
తెల్లగా వెళ్ళిందట లోపలికి.
పిండేసిన తేనెపట్టులా బయటికొచ్చింది, గోధుమరంగులో, బరువుగా.
నూనె కంపు, కొండ కంపు, నాలుగు నెలల వాన.
దాచడమెందుకు,
ఆ వారం ఓవర్‌టైమ్‌తోనే మిద్దె మీద కొత్త నీళ్ళ ట్యాంకు పెట్టించాను.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.

సోమవారం దీపాల సొరంగంలోకి ఎర్ర తలుపు వచ్చింది.
వంగి చూశాను, పక్కనుంచి చూశాను,
అరచెయ్యి పెట్టి చూశాను.
నా మొహం ఒక్కటే ఉంది అందులో, ఎక్కడా చిల్లు లేకుండా.
చేతిలో కాగితం మడిచింది మడిచినట్టే.

"ఏం ఎర్మీలో, ఖాళీయా?"
"ఖాళీయే, దోన్యా."

రమ్మంది. కుళాయి తిప్పింది.
ఉస్సుమంటూ బకెట్లోకి
పాలు కలిపినట్టున్న నీళ్ళు, లీటరున్నర ఉంటాయి.
"నిన్నటి గాలి. ఇదంతా నీ దగ్గరికి రావలసింది."

వేలు ముంచాను.
జిడ్డు.

సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే
మళ్ళీ తలుపు ముట్టుకున్నాను.